అప్ప కిడ్నీ, మరదలి వంట

2023 డిసెంబరు. అనకాపల్లి చుట్టుపక్కల చెరకు నరకడం మొదలైంది. ట్రాక్టర్లు రోడ్డుకి అడ్డం పడటంతో, ఏడింటికి రావాల్సినవాళ్లు ఎనిమిదింటికి మా ల్యాబు మెట్లెక్కే రోజులవి. మాది ఒక కిడ్నీ క్లినిక్కు కింద ఉన్న చిన్న ల్యాబు. ముందు కౌంటరు, మధ్యలో రక్తం తీసే గది, వెనక మిషన్లు. కిడ్నీ డాక్టరు గారు విశాఖపట్నం నుంచి మంగళవారం, శుక్రవారం వస్తారు. మిగతా రోజుల్లో అక్కడ రాజ్యం నాదే. ఇరవై రెండేళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. దొరకని నరాన్ని దొరకబుచ్చుకోవడంలో నాకు పేరుంది. నోటి దురుసులో కూడా ఉందని మా కౌంటరు అమ్మాయి అంటుంది.

ల్యాబులో పనిచేసేవాళ్లకి చెప్పుకోవడానికి ఏం కథలుంటాయి, గుచ్చడం, గొట్టంలో పట్టడం తప్ప అని చాలామంది అనుకుంటారు. నేను కూడా అలాగే అనుకునేదాన్ని. మా దగ్గరికి వచ్చేవాళ్లు ఏదో ఒక నొప్పితోనో వాపుతోనో వస్తారు. కిడ్నీ దానం చెయ్యడానికి వచ్చే మనిషికి ఏ నొప్పీ ఉండదు. అయినా రోగికంటే ఆ మనిషినే ఎక్కువ పరీక్షిస్తాం. బాగున్న మనిషి ఒంట్లోంచి ఒక కిడ్నీ తీసేశాక, మిగిలింది చాలదని తెలిస్తే ఆ తప్పుని దిద్దుకునే దారి లేదు. ఆ సంగతి తెలిసినదాన్ని కనక దాతల రక్తం మిషన్లో పెట్టేటప్పుడు గొట్టం మీది పేరు ఇప్పటికీ రెండుసార్లు చూసుకుంటాను.

ఇప్పుడు చెప్పబోయేది ఒక అక్కాతమ్ముళ్ల సంగతి. ఇద్దరూ రాసుకోమన్నారు, పేర్లు మాత్రం మార్చాను. తమ్ముడు సన్యాసినాయుడు. ముప్పై తొమ్మిదేళ్లు. పల్లెల్లో వండిన బెల్లాన్ని వ్యాన్లో వేసుకుని అనకాపల్లి మార్కెట్టుకి తోలేవాడు. బీపీ ఉందని తెలిసి కూడా మాత్రలు వేసుకోలేదు. అది లోపల్లోపలే రెండు కిడ్నీలనీ తినేసింది. రెండేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నాడు. డయాలసిస్ సూదుల కోసం చేతిలో రెండు రక్తనాళాలని కలిపి కుడతారు, దాన్ని ఫిస్టులా అంటారు. అతని ఎడమచేతి ఫిస్టులా మూసుకుపోయింది. కుడిచేతిది కూడా మొరాయించడం మొదలుపెట్టింది. "ఎక్కువ రోజులు లాగలేం, దాత ఉంటే త్వరగా చూసుకోండి" అని డాక్టరు గారు చెప్పేశారు.

తల్లికి షుగరు. భార్య అప్పలనరసది కలవని గ్రూపు. ఇక మిగిలింది అప్ప. మా వైపు అక్కని అప్ప అంటాం. ఆమె పేరు నూకరత్నం, నలభై ఆరేళ్లు. మునగపాక వైపు ఒక పల్లెకి ఇచ్చారు. రెండెకరాల్లో చెరకూ వరీ చేసుకునే కుటుంబం. చెరకు ఆకులు కట్టీ కట్టీ అరచేతులు గరుకుదేలిన మనిషి. గ్రూపు కలిసింది. పరీక్షల కోసమని పదిరోజుల ముందే వచ్చి అనకాపల్లిలో తమ్ముడింట్లో దిగింది.

ఆ మంగళవారం పొద్దున్న ముగ్గురూ కలిసి వచ్చారు. నూకరత్నాన్ని కుర్చీలో కూర్చోబెట్టాను. తమ్ముడు పక్క కుర్చీలో కూర్చున్నాడు. మరదలు తలుపు దగ్గర నిలబడింది. నేను ఫారం తీసుకుని మామూలు ప్రశ్నలు మొదలుపెట్టాను.

"రాత్రి ఎన్నింటికి తిన్నారు?"

"ఎనిమిదింటికమ్మా."

"ఒళ్లునొప్పులకి బిళ్లలేమైనా మింగుతారా? నాటుమందులు, పసర్లు?"

"అలాటివేటీ నేవమ్మా."

"ఈ రెండు మూడు రోజుల్లో మాంసం గాని, చేపలు గాని తిన్నారా?"

ఆమె నోరు తెరిచింది. ఆమెకంటే ముందు తమ్ముడే జవాబు చెప్పాడు. "మా ఇంట్లో నీసు పొయ్యెక్కి రెండేళ్లయింది మేడమ్. నాకు పడదని అందరూ ఒగ్గేసేరు. అప్ప కూడా మాతోనే కదా తింతంది."

నూకరత్నం నేలకేసి చూస్తూ, "అవునమ్మా" అంది. నేను 'లేదు' అని ఉన్న గడిలో టిక్కు పెట్టేశాను. ఆ టిక్కు నాది. ఆ రోజు జరిగినదానికి ఎవరినైనా అనాలంటే ముందు నన్నే అనాలి.

నరం మొదటిసారి దొరకలేదు. అంత కష్టపడి పనిచేసే చేతిలో నరాలు తాళ్లలా కనపడాలి, ఆమెవి మాత్రం లోపలికి ఇంకిపోయినట్టున్నాయి. రెండోసారికి దొరికింది. "సారీ అమ్మా" అంటే, "కిడ్నీయే ఇత్తానంటే సూదికేటమ్మా" అని నవ్వింది.

మధ్యాహ్నానికి మిషన్లోంచి అంకె వచ్చింది. క్రియాటినిన్ 1.2. క్రియాటినిన్ అంటే మన కండల్లో రోజూ పుట్టే చెత్త. కిడ్నీలు దాన్ని ఎప్పటికప్పుడు ఊడ్చి మూత్రంలో పారేస్తాయి. రక్తంలో చెత్త మిగిలిపోతోందంటే ఊడ్చే పని సరిగ్గా సాగట్లేదని అర్థం. మా రిపోర్టు కాగితం మీద 1.2 వరకూ మామూలే అని అచ్చు వేసి ఉంటుంది కాబట్టి తేడా ఉంటే పడే చుక్క గుర్తు దాని పక్కన రాలేదు. కానీ ఆ హద్దు ఆడా మగా అందరికీ కలిపి వేసింది. నలభై ఆరేళ్ల సన్నపాటి ఆడమనిషికి 1.2 అంటే మంచి అంకె కాదు. వయసూ, ఆడా మగా చూసి ఈజీఎఫ్ఆర్ అని ఒక లెక్క కడతాం. నిమిషానికి కిడ్నీలు ఎంత రక్తాన్ని వడగడుతున్నాయో చెప్పే అంచనా అది. దాతకి తొంభై ఉంటే నిశ్చింత. ఎనభై కంటే తగ్గితే డాక్టర్లు ఆలోచనలో పడతారు. నూకరత్నానికి యాభై ఆరు వచ్చింది.

మిషన్ని తిట్టాను. కంట్రోలు, అంటే జవాబు ముందే తెలిసిన శాంపిలు పెట్టి చూశాను. మిషన్ బాగానే ఉంది. ఆమె రక్తాన్నే మళ్లీ పెట్టాను. మళ్లీ అదే అంకె. యూరియా కూడా ఉండాల్సినదానికంటే ఎక్కువుంది. మూత్రంలో మాత్రం ప్రోటీన్ పోవడం లేదు, స్కానింగులో కిడ్నీలు రెండూ నిండుగా ఉన్నాయి. ఒకటికొకటి పొసగని రిపోర్టులు. ఎక్కడో ఏదో తేడా ఉందని అనిపించింది గాని, ఏమిటో తెలియలేదు.

బయట బెంచీ మీద అప్పలనరస ఆ రిపోర్టుని ఎవరిచేతో చదివించుకుని, "సుక్క గుర్తేటీ నేదు, అంతా బాగుందట!" అని మొగుడి చెయ్యి పట్టుకుని ఊపేస్తోంది. నేను వాళ్లకేసి చూడకుండా మిషన్ల గదిలోకి వెళ్లిపోయాను.

డాక్టరు గారు నన్ను కూడా లోపలికి పిలిచారు. ముగ్గుర్నీ కూర్చోబెట్టి మెల్లగా చెప్పారు. "ఈ అంకె బయట తిరిగే మనిషికి ఫరవాలేదనిపిస్తుంది. కిడ్నీ ఇచ్చే మనిషికి చాలదు. ఇప్పుడే కాదని అనను. ఇరవై నాలుగ్గంటల మూత్రం పరీక్ష చేద్దాం, రక్తం మళ్లీ చూద్దాం. అప్పుడు కూడా ఇలాగే ఉంటే మాత్రం ఈ ఆలోచన మానుకోవాలి."

నూకరత్నం, "నాకేటీ జబ్బు నేదు బాబూ. నాలుగు మడులు ఒక్కద్దాన్నే నాటేత్తాను" అంది, ఆయనతో బేరమాడుతున్నట్టు.

సన్యాసినాయుడు వేరే సంగతి పట్టుకున్నాడు. "సారూ, నాకున్నదే అప్పకి కూడా ఉందేటి? అలగైతే నాకు కిడ్నీ వద్దు, ఏటీ వద్దు. ముందు దాన్ని సూడండి." అప్పటిదాకా డయాలసిస్ కుర్చీలో ఎన్ని సూదులు గుచ్చినా పళ్లు బిగపట్టి ఊరుకున్న మనిషి, అప్ప రిపోర్టుని రెండు చేతుల్తో పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆవిడ లేచి, "ఒరే నాయుడూ, నానింకా బతికే ఉన్నాన్రా" అని వీపు మీద ఒకటి వేసింది. ఆ మాటకి ఎవరికీ నవ్వు రాలేదు.

గురువారం నాడు మూత్రం పట్టే క్యాను కోసం నూకరత్నం ఒక్కతే వచ్చింది. తమ్ముడికి ఆ రోజు డయాలసిస్, మరదలు అతనితో వెళ్లింది. రెండు రోజుల్లోనే ఆమె మొహం పీక్కుపోయింది. రక్తం తీసే గదిలో కూర్చోబెట్టి, క్యాను ఎలా వాడాలో చెప్పడం మొదలుపెట్టాను.

"పొద్దున్న లేవగానే మొదటిసారి వెళ్లింది వదిలెయ్యండి. టైము రాసుకోండి. అక్కణ్నుంచి మర్నాడు అదే టైము దాకా చుక్క బయట పోకుండా ఇందులోనే పట్టాలి. ఆ రోజు ఊరికీ పొలానికీ వెళ్లొద్దు."

ఆమె అంతా శ్రద్ధగా విని క్యానుని కొంగులో చుట్టుకుంది. లేచి, తలుపు దాకా వెళ్లి ఆగింది. "అమ్మా, ఓ మాట అడగనా? ఇది పట్టిన రోజు కూడా అది తినాలేటి?"

"ఏది?"

తలుపు బయట ఎవరూ లేరని చూసుకుంది. "మాంసమమ్మా. ఇంక నావల్ల కాట్లేదు."

నేను పెన్ను కింద పెట్టేశాను. "మీరు మాంసం తినట్లేదని చెప్పారు కదా?"

"నానెక్కడ సెప్పేనమ్మా? తమ్ముడు సెప్పేడు. ఆడి ముందర కాదని ఎలగ అనీది?"

మళ్లీ కూర్చోబెట్టాను. మెల్లగా ఒక్కొక్కటీ బయటికొచ్చింది. ఆమె తమ్ముడింట్లో దిగిన రోజునుంచీ అప్పలనరస రోజూ వేటమాంసం వండి పెడుతోంది. పొయ్యి మాత్రం తనింట్లోది కాదు, పక్కింటి వాళ్లది. సన్యాసినాయుడికి మాంసమంటే ప్రాణం. జబ్బు మొదట్లో ఒక పెళ్లిలో ఉప్పూ కారం దట్టించిన మాంసం కడుపునిండా తిని, ఆయాసంతో ఆసుపత్రిలో పడ్డాడు. కొలతగా తినొచ్చని తర్వాత డాక్టరు గారు చెప్పినా ఆ ఇంట్లో భయం పోలేదు. ఇంటిల్లిపాదీ మానేశారు. రెండేళ్లుగా నోరు కట్టుకున్న మనిషి కళ్లముందు అప్ప ఎలా తింటుంది? అందుకని పక్కింటి పెరట్లో కూర్చుని తిని, సబ్బుతో చేతులు కడుక్కుని, వక్కపొడి నోట్లో వేసుకుని ఇంటికి వచ్చేదట.

"రోజూ ఎంత తినేవారు?"

"అరకిలో ఉంతాదమ్మా. కార్జం, మేక కిడ్నీలు కూడా ఏరి తెత్తంది. కిడ్నీకి కిడ్నీయే బలమట. మంగళవారం రిపోర్టు బాగోనేదన్నారు కదా, ఆ పూటనుంచీ కిలో సేసింది."

ఫారం మళ్లీ దగ్గరికి లాక్కున్నాను. "మరి రక్తం ఇచ్చిన రోజు పొద్దున్న నీళ్లు తాగారా?"

"నేదు. ముందునాడు మద్దినేల నుంచీ గొంతు తడపనేదు. నీళ్లు తాగితే నెత్తురు పలసబడిపోయి రిపోర్టు సెడిపోద్దని మా ఊర్లో అన్నారు."

ఇక ఉండబట్టలేకపోయాను. "అమ్మా తల్లీ, ఏం పని చేశావమ్మా!" అని గట్టిగానే అరిచాను. కౌంటరు అమ్మాయి పరిగెత్తుకొచ్చింది, దాన్ని వెనక్కి పంపేశాను. ఉడికించిన మాంసంలో క్రియాటినిన్ ఉంటుంది, అది తిన్నగా రక్తంలోకి చేరుతుంది. దానికితోడు ఒంట్లో నీళ్లు ఎండిపోతే కిడ్నీలు నెమ్మదిస్తాయి, యూరియా పెరుగుతుంది. ఆ రోజు నరం దొరక్కపోవడం దగ్గర్నుంచీ అన్నిటికీ సమాధానం అక్కడే ఉంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈ మరదలు అడక్కుండానే పెట్టి పెట్టి, మొగుడికి రావాల్సిన కిడ్నీకే ఎసరు పెట్టింది.

నూకరత్నం నా చెయ్యి పట్టుకుంది. "తమ్ముడికి సెప్పకమ్మా. ఆడు తినకుండా ఉన్న రెండేళ్లూ నానూ తినకుండా ఉండగల్ను. కానీ మరదలు ఏడిసి పెడతంటే కాదననేకపోనాను."

"మీ తమ్ముడికి నేను చెప్పను. డాక్టరు గారికి చెప్పకుండా మాత్రం ఉండలేను. మీ ప్రాణం సంగతిది" అన్నాను. ఆమె ఒప్పుకుంది.

వెంటనే ఫోన్ చేశాను. ఆయన అంతా విని, "మీరు ఫారంలో ఇది అడగాలి కదా?" అన్నారు.

"అడిగాను సార్. అందరి ముందూ అడిగాను."

"కారణం ఇదే అయితే సంతోషం. ఇదే అని ఇప్పుడే నమ్మొద్దు. ఐదు రోజులు మాంసం పూర్తిగా ఆపమనండి. నీళ్లు బాగా తాగమనండి. మంగళవారం రక్తం, క్యాను రెండూ చూద్దాం. అప్పటికీ తగ్గకపోతే ఆమె దాత కాదు, నా పేషెంటు" అన్నారు.

ఆ ఆఖరి మాట నన్ను ఐదు రోజులూ వదల్లేదు. మాంసమే కారణం కావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. కోరుకోవడమే మా పనిలో ప్రమాదం. కావాల్సిన అంకె రావాలని మిషన్ ముందు నిలబడితే, వచ్చిన అంకెని కళ్లు సరిగ్గా చూడవు. నిజంగానే ఆమె కిడ్నీల్లో తేడా ఉంటే, మాంసం మీదకి నెట్టేసి ఆమెని ఆపరేషన్ బల్ల మీదకి పంపినదాన్ని అవుతాను.

ఆ సాయంత్రమే అప్పలనరసని పిలిపించి, ఒక్కదాన్నీ గదిలో కూర్చోబెట్టి చెప్పాను. ఆమె కాసేపు అర్థం కానట్టు చూసింది. అర్థమయ్యాక నెత్తి మీద చేతులు పెట్టుకుని కిందనే చతికిలపడింది.

"నాను పెట్టిన కూడే నా కొంప ముంచేసిందేటమ్మా? నా మొగుడి కోసం వొదిన ఒంట్లోంచి ఓ ముక్క కోసి ఇత్తానంతంది. ఉత్త సేతుల్తో ఎలగ తీసుకోమంతారు? పెద్ద పనికి ఎల్లే మనిషికి కడుపునిండా పెట్టి పంపడం తప్పేటమ్మా?"

ఆమెని కసరాలనే పిలిచాను, కానీ ఆ మాట విన్నాక కోపం ఎటు పోయిందో తెలియదు. లేవదీసి మంచినీళ్లు ఇచ్చాను. "పెట్టడం తప్పు కాదమ్మా. ఆపరేషన్ అయ్యాక డాక్టరు గారినడిగి, ఆయన ఎంత పెట్టమంటే అంత పెట్టు. ఈ ఐదు రోజులు మాత్రం అన్నం, పప్పు, కూరగాయలు, మజ్జిగ. మంచినీళ్ల చెంబు వదిన చేతిలోంచి కింద పెట్టనివ్వకు" అన్నాను. కళ్లు తుడుచుకుంటూ, "సెంబు కాదమ్మా, బిందే పెడతాను" అంది. ఈ మనిషికి దేంట్లోనూ కొలత తెలియదని అప్పుడర్థమైంది. బిందె వద్దు, మూడు లీటర్లు చాలని కాగితం మీద రాసిచ్చాను.

మంగళవారం పొద్దున్న నూకరత్నం ఆటో దిగింది. క్యానుని కొత్త తువ్వాల్లో చుట్టి, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతుల్తో ఎత్తుకొచ్చింది. సోమవారం ఆరింటి నుంచి మంగళవారం ఆరింటి దాకా ఇల్లు కదల్లేదట. నరం మొదటిసారే దొరికింది.

ముందు కంట్రోలు పెట్టాను. సరిగ్గా ఉంది. తర్వాత ఆమె రక్తం. మిషన్ పదినిమిషాలు తీసుకుంటుంది. ఇరవై రెండేళ్లలో ఆ పదినిమిషాలు అంత పొడుగ్గా ఎప్పుడూ అనిపించలేదు. మిషన్ తెర వైపు చూడ్డానికి భయమేసి గోడ మీద క్యాలెండరు చదువుతూ నిలబడ్డాను. మిషన్ కూత వినపడింది. 0.8.

మళ్లీ పెట్టాను. 0.8. ఈజీఎఫ్ఆర్ తొంభై రెండు. యూరియా మామూలుకి వచ్చేసింది. క్యాను మూత్రంలో పోయిన క్రియాటినిన్ని కొలిచి, రక్తంలోదానితో పోల్చి కట్టిన లెక్క కూడా తొంభై దగ్గరే తేలింది. రెండు వేర్వేరు దారుల్లో వెళ్లి ఒకే చోటికి చేరినట్టే. కుర్చీలో కూలబడ్డాను. కళ్లు కడుక్కుని బయటికి వెళ్లాను.

రిపోర్టు సంగతి డాక్టరు గారే చెప్పాలి, మేం చెప్పకూడదు. కానీ మొహం దాచుకోవడం నాకు చేతకాదు. నూకరత్నం నన్ను చూసి, "బాగుందా అమ్మా?" అంది. "డాక్టరు గారు చెప్తారు" అన్నాను, చెవుల దాకా నవ్వుతూ. ఆవిడ అక్కడే బెంచీ మీద తలవాల్చి కళ్లు మూసుకుంది.

డాక్టరు గారు విషయం చెప్పాక సన్యాసినాయుడు అడిగాడు. "వారంలో ఎలగ మారిపోనాది సార్?"

"మొదటిసారి ఒంట్లో నీళ్లు తక్కువయ్యాయి. తిండి తేడా కూడా కొంత ఉంది" అన్నారాయన. సన్యాసినాయుడు తలొంచుకున్నాడు. ఇంకేమీ అడగలేదు.

విశాఖపట్నంలో డీటీపీఏ స్కాన్ చేశారు. నరంలోకి కాస్త రేడియో పదార్థం ఎక్కించి, ఏ కిడ్నీ ఎంత వడగడుతోందో కెమెరాతో విడివిడిగా కొలిచే పరీక్ష అది. రెండూ కలిపి తొంభై నాలుగు, చెరిసగం పని చేస్తున్నాయి. అంటే ఒకటి ఇచ్చేసినా మిగిలింది ఆమెని మోయగలదు. ఎవరి బలవంతమూ లేదని ఆమెని ఒంటరిగా అడిగి తెలుసుకున్నారు, కాగితాలన్నీ అయ్యాయి. ఫిబ్రవరిలో ఆపరేషన్ జరిగింది. తమ్ముడి ఒంట్లో పెట్టిన కాసేపటికే ఆ కిడ్నీ మూత్రం పోయడం మొదలుపెట్టిందని ఫోన్ వచ్చింది. ఆ రోజు ల్యాబులో అందరికీ మాడుగుల హల్వా పంచాను. అప్ప రెండో రోజుకే లేచి నడిచిందట.

ఈలోగా నేనొక పద్ధతి మార్చాను. రక్తం తీసే గదిలో రెండో కుర్చీ తీయించేశాను. భర్తయినా, కొడుకైనా, తమ్ముడైనా బయట బెంచీ మీదే. ప్రశ్నలడిగేటప్పుడు లోపల నేనూ, ఆ మనిషీ, అంతే. మొదట్లో చాలామంది విసుక్కున్నారు. "ఈవిడకేటి ఇంత పెత్తనం" అని ఒకాయన నాకు వినపడేలాగే అన్నాడు. నాకు పట్టలేదు.

ఏప్రిల్లో సన్యాసినాయుడు ఒక రక్తపరీక్ష కోసం వచ్చాడు. పెట్టిన కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా ఉండటానికి ఒక మందు వాడతారు, అది రక్తంలో ఎంతుందో చూడాలి. మొహంలో కళ వచ్చింది. అందర్నీ పంపినట్టే అతని భార్యని కూడా బయట కూర్చోబెట్టి, తలుపు వేసి, మామూలు ప్రశ్నలు అడిగాను. మందు ఎన్నింటికి వేసుకున్నారు, ఏం తిన్నారు. అన్నిటికీ చెప్పాడు. తర్వాత చెయ్యి చాపి ఉంచి, నావైపు చూడకుండా అన్నాడు.

"మేడమ్, అప్ప రగతం మొదటిసారి తీసినప్పుడు మాంసం తిన్నారా అని అడిగేరు గుర్తుందా? నేదని సెప్పింది నానే కదా."

"గుర్తుంది."

"నాకు తెలుసు మేడమ్. పక్కింటి పెరట్లోంచి మసాలా వాసన వత్తే నాకు తెల్దేటి? రెండేళ్లు నోరు కట్టుకున్నోడి ముక్కు ఇంకా బాగా పని సేత్తాది. అప్ప సేతికి సబ్బు వాసన, నోటికి వక్కపొడి వాసన. అన్నీ తెలుసు. నాకు తెలిసిందని దానికి తెలిస్తే మర్నాటి నుంచీ తినడం మానేత్తాది. నాకోసం కోతకెల్లే మనిషి, తిననీ అనుకున్నాను. అందుకే మీరు అడగ్గానే, అది నోరిప్పితే ఎక్కడ సిగ్గుపడిపోద్దోనని నానే ముందు నేదనేసేను. ఆ మాట నా పేనం మీదకే వత్తాదని తెల్దు."

సూదిని పక్కన పెట్టేశాను. అప్ప తమ్ముడి కోసం దాచింది. మరదలు ఇద్దరి కోసం దాచింది. ఇతను అప్ప కోసం దాచాడు. ముగ్గురూ ఒకరిమీద ఒకరికున్న ప్రేమతోనే ఆ కిడ్నీని చేజార్చుకోబోయారు. వాళ్లందర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి ఆ ప్రశ్న అడిగింది నేను. ఆమె క్యాను పట్టుకుని తలుపు దగ్గర ఆగకుండా వెళ్లిపోయి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ తలుచుకుంటూ ఉంటాను.

"ఈ మాట మీ అప్పకి చెప్పండి" అన్నాను.

"ఏటో మేడమ్, సిగ్గేత్తంది" అన్నాడు. కానీ చెప్పాడు. వారం తిరక్కుండా నూకరత్నం దగ్గర్నుంచి ఫోన్. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియని గొంతు.

"అమ్మా, ఆడికి తెలుసటమ్మా! మొదటి రోజునుంచీ తెలుసట! ఆ పెరట్లో దోమల్లో కూకుని, గుడ్ల నీరు కుక్కుకుని నాను తిన్నదంతా ఆడు ఇంట్లో కూకుని వాసన సూత్తన్నాడటమ్మా!"

ముక్కు చీదుకుని మళ్లీ ఆమే అంది, "అలగని మీరు ఆడిని తిట్టకండమ్మా. సిన్నప్పుటి నుంచీ అంతే, నా మాట ఆడే సెప్పేత్తాడు."

ఎవరి మాట వాళ్లచేతే చెప్పించాలని నేను నేర్చుకున్నది వాళ్ల దగ్గరే. నా ప్రశ్న సరైనదే, అడిగిన చోటే తప్పు. మిషన్ అబద్ధం చెప్పదని ఇరవై రెండేళ్లుగా గర్వపడ్డాను, అది ఆ రోజు కూడా అబద్ధం చెప్పలేదు. ఫారంలో తప్పు టిక్కు పెట్టింది నా చెయ్యి. ఇప్పుడు ఎవరు కూర్చున్నా తలుపు వేస్తాను, అడుగుతాను, నోరు తెరిచేదాకా ఆగుతాను.